వైరస్ కనపడట్లేదంటే మందులు ఆపొచ్చా? ఒకసారి ఆపిన మనిషిగా నా జవాబు

చెల్లెమ్మా, నలభై దాటిన మీ అన్నయ్య పదకొండేళ్లుగా హెచ్‌ఐవీని అణిచిపెట్టే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాడనీ, వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ కనపడలేదని వచ్చిందనీ రాశావు. ఈమధ్య కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.3 చూసి భయపడి ‘కిడ్నీలు పోకముందే ఓ ఆర్నెల్లు ఆపి ఒంటికి విశ్రాంతి ఇద్దాం’ అంటున్నాడన్నావు. యూట్యూబ్‌లో ఎవరికో పూర్తిగా నయమైందని కూడా చూపించాడట. ఆపొచ్చా అని అడిగావు.

ఆపకూడదు. ఈ రాత్రి మాత్ర మానొద్దని ముందు ఫోన్ చేసి చెప్పు. మిగతాది తీరిగ్గా చదువుదువుగాని. నేను ఒకసారి ఆపాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. ఇప్పుడు గుంటూరులో టైలరింగ్ చేసుకుంటున్నా. 2005లో మా ఆయన పోయాక నాకూ పరీక్ష చేశారు, ఉందన్నారు. వెంటనే మందులివ్వలేదు. అప్పట్లో సీడీ4, అంటే రోగనిరోధక కణాల లెక్క, బాగా పడిపోయి 200 దాకా దిగితేనే మొదలుపెట్టేవాళ్లు. 2007లో నాకు 160కి వచ్చింది. చేతికి మందుల వివరాలు రాసే గ్రీన్ బుక్ ఇచ్చి స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్ కలిపిన మాత్రలు రాశారు. వాటితోనే బతికాను, అందులో సందేహం లేదు. రెండేళ్లకి సీడీ4 380కి ఎక్కింది.

కానీ బుగ్గలు పీక్కుపోయాయి. కాళ్లూ చేతులూ పుల్లల్లా అయ్యి నరాలు తేలాయి. రాత్రయితే అరికాళ్లలో మంటలు. స్టావుడిన్ మొహంలో, చేతుల్లో, కాళ్లలో కొవ్వు కరిగించేస్తుందని, నరాలను దెబ్బతీస్తుందని నాకప్పుడు తెలియదు. కుళాయి దగ్గర, పేరంటాల్లో, బస్సులో, ఎక్కడ చూసినా ‘ఏంటమ్మాయ్ ఇట్టా చిక్కిపోయావ్’ అనే ప్రశ్నే. నేను నోరు విప్పకుండా దాచుకున్నదాన్ని నా మొహమే ఊరందరికీ చెప్పేస్తుందేమోనని వణికిపోయేదాన్ని. మా బంధువొకాయన ‘అదంతా మందుల వేడి, కొన్నాళ్లు ఆపు, బుగ్గలు అవే వస్తాయి’ అని ఏదో ఆకుపొడి ఇచ్చాడు. 2010 వేసవిలో ఆపేశాను.

మొదటి రెండు నెలలు నిజంగా బాగుంది. ఇది మీ అన్నయ్యకు తప్పకుండా చెప్పు, ఎందుకంటే మనిషి మోసపోయేది ఇక్కడే. ఆకలి పెరిగింది, మంటలు కాస్త తగ్గినట్టనిపించింది, ఆయన చెప్పింది నిజమేననుకున్నాను. నాలుగో నెలలో సాయంత్రం పూట సన్నగా జ్వరం. రాత్రిళ్లు చెమటలకి దిండు తడిసేది. మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ. 48 కిలోల దాన్ని 39కి వచ్చాను. టీబీ అన్నారు. సీడీ4 84.

టీబీ మందులు మొదలుపెట్టిన రెండు వారాలకే ఏఆర్‌టీ కూడా మళ్లీ ఇచ్చారు. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ నెవిరపిన్ బలాన్ని తగ్గించేస్తుందని ఎఫావిరెంజ్‌కి మార్చారు, స్టావుడిన్ తీసేసి టెనోఫోవిర్ పెట్టారు. నెల తిరక్కుండా మెడ గడ్డ ముందుకంటే పెద్దదైంది. మందులు పడలేదని ఏడ్చాను. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది: ‘ఇన్నాళ్లూ నిద్రపోయిన నీ రోగనిరోధక శక్తి ఇప్పుడు లేచి టీబీ మీద పడుతోంది, ఆ పోట్లాటే ఈ వాపు. ఈసారి మాత్రం ఆపకు.’ ఆపలేదు, తగ్గింది. కంబోడియాలో 661 మంది మీద కామెలియా అనే పరిశోధన జరిగిందని తర్వాత తెలిసింది. సీడీ4 బాగా పడిపోయిన టీబీ రోగులకు ఎనిమిది వారాలు ఆగకుండా రెండు వారాలకే ఏఆర్‌టీ ఇస్తే, ఈ వాపుల ఇబ్బంది ఎక్కువైనా చావులు తగ్గాయి. మెదడు టీబీ అయితే లెక్క వేరు, అక్కడ తొందరపడరు.

మా అబ్బాయి బీఫార్మసీ చదివేటప్పుడు, ‘అమ్మా, నువ్వు చేసిన పని మీద పెద్ద పరిశోధనే జరిగింది’ అని ఓ రోజు చెప్పాడు. దాని పేరు స్మార్ట్. 33 దేశాలు, 5,472 మంది. దాదాపు సగం మంది మందులు మానకుండా వాడారు. మిగతావాళ్లు సీడీ4 350 పైన ఉంటే ఆపి, 250 కంటే దిగితే మళ్లీ మొదలుపెట్టారు. అచ్చం మీ అన్నయ్య ఆలోచనే. మందుల చెడు తగ్గుతుందేమోనని పెద్ద పెద్ద డాక్టర్లు కూడా ఆశపడే మొదలుపెట్టారు. 2006 జనవరిలో మధ్యలోనే దాన్ని నిలిపేశారు. మానకుండా వాడినవాళ్లలో 47 మందికి ఎయిడ్స్ సంబంధిత జబ్బు గానీ మరణం గానీ ఎదురైతే, ఆపి ఆపి వాడినవాళ్లలో అది 120 మందికి జరిగింది. గుండె జబ్బులు, కిడ్నీ జబ్బులు, లివర్ జబ్బులు కూడా ఆపినవాళ్లలోనే ఎక్కువ. కిడ్నీ కోసం ఆపుతానంటున్న మీ అన్నయ్య చేత ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదివించు.

ఏ సంవత్సరమన్నావురా అని మా అబ్బాయిని మళ్లీ అడిగాను. 2006. నేను ఆపింది 2010లో. నాలుగేళ్ల ముందే జవాబు వచ్చేసింది, సత్తెనపల్లి దాకా రావడానికి మాత్రం దారి దొరకలేదు. నువ్వడిగిన ప్రశ్న చూడగానే మిషన్ ఆపి ఇది రాయడం మొదలుపెట్టింది అందుకే.

ఎందుకలా అవుతుందంటే, రిపోర్టులో కనపడలేదంటే రక్తంలో మిషన్ లెక్కపెట్టగలిగేంత వైరస్ లేదని అర్థం. ఒంట్లో లేదని కాదు. తుంగ మొలిచిన చేను చూసే ఉంటావు. పైన గడ్డి కోసేస్తే శుభ్రంగా కనపడుతుంది, గడ్డ మాత్రం మట్టిలోనే ఉంటుంది. వైరస్ కూడా కొన్ని సీడీ4 కణాల లోపల ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉంటుంది. మందు ఆపితే చాలామందిలో కొద్ది వారాల్లోనే మళ్లీ రక్తంలోకి వస్తుంది. వచ్చినప్పుడు ఒళ్లంతా లోపల్లోపల వాపు పుడుతుంది. రక్తనాళాలు, గుండె, కిడ్నీలు ఆ వాపుకే దెబ్బతింటాయి. పైగా ఆపి మొదలుపెట్టి, ఆపి మొదలుపెట్టి వాడితే వైరస్ మందుకి అలవాటుపడిపోవచ్చు. అప్పుడు ఆ మందు ఇక పనిచేయదు.

యూట్యూబ్‌లో చూసింది అబద్ధం కాకపోవచ్చు. తిమోతీ రే బ్రౌన్ అనే ఆయనకు నిజంగానే నయమైంది. ఆయనకి బ్లడ్ క్యాన్సర్ వస్తే, పుట్టుకతోనే హెచ్‌ఐవీని లోపలికి రానివ్వని కణాలున్న దాత దగ్గర తీసుకుని మూలుగ మార్పిడి చేశారు. ప్రాణం మీదికి తెచ్చే చికిత్స అది, క్యాన్సర్ ఉంది కాబట్టి చేశారు. అమెరికాలో మిసిసిపీలో ఒక పాపకి మందులాపాక 27 నెలలు వైరస్ కనపడలేదు. నయమైందని లోకమంతా సంబరపడింది. 2014లో మళ్లీ వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు ఆ తల్లి గుర్తొచ్చి నాకు చాలా బాధేసింది.

ఇక క్రియాటినిన్ సంగతి. మీ అన్నయ్య వాడేది టీఎల్‌డీ అనుకుంటున్నా, ఇప్పుడు సర్కారు సెంటర్లలో ఎక్కువమందికి ఇచ్చేది అదే: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. డోలుటెగ్రావిర్ వాడితే క్రియాటినిన్ మొదట్లో కాస్త పెరిగి అక్కడే నిలబడుతుంది. కిడ్నీ చెడిపోయి కాదు, క్రియాటినిన్ మూత్రంలోకి పోయే ఒక దారిని ఆ మందు కొంత అడ్డుకుంటుంది, అంతే. టెనోఫోవిర్ మాత్రం కొందరికి నిజంగానే కిడ్నీని దెబ్బతీస్తుంది, ఎముకల గట్టిదనాన్నీ తగ్గిస్తుంది. రెండిట్లో ఏదో మనం ఇంట్లో కూర్చుని తేల్చలేం. పాత రిపోర్టులన్నీ వరసగా పెట్టుకుని వెళ్లి, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయమని అడగమను. కిడ్నీయే కారణమని తేలితే టెనోఫోవిర్ తీసి అబాకవిర్ లాంటిది ఇస్తారు. మందు మార్చడం వేరు, మందు ఆపడం వేరు. నాకు బుగ్గలు పోయినప్పుడు నేను అడగాల్సింది కూడా మార్చమనే.

ఇంకోటి అడుగు: మోకాళ్ల నొప్పులకనో నడుం నొప్పికనో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూదులు వేయించుకుంటున్నాడా? మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుంటున్నాడా? టెనోఫోవిర్ వాడేవాళ్లకు వీటితో కిడ్నీకి ముప్పు పెరుగుతుంది. మన వైపు ఈ అలవాటు ఎంతుందో నీకూ తెలుసు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ బిళ్లలు, కాల్షియం, ఐరన్ లాంటివి డోలుటెగ్రావిర్‌ని ఒంటికి పట్టనివ్వవు. అవి వేసుకోవాల్సి వస్తే మాత్రకి రెండు గంటల తర్వాతో, ఆరు గంటల ముందో వేసుకోవాలి. షుగర్ ఉంటే, టీఎల్‌డీ వాడుతున్న సంగతి షుగర్ డాక్టరుకి చెప్పి తీరాలి, ఎందుకంటే మెట్‌ఫార్మిన్ రక్తంలో ఎక్కువగా నిలుస్తుంది, మామూలుగా రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు.

నలభై దాటాడు కాబట్టి గుండె గురించి కూడా అడగమను. 2023లో రిప్రీవ్ అనే పరిశోధన ఫలితాలొచ్చాయి. హెచ్‌ఐవీ ఉండి, 40 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 7,769 మంది, మన దేశం వాళ్లు కూడా ఉన్నారందులో. గుండెపోటు ముప్పు మరీ ఎక్కువేం లేనివాళ్లే. రోజూ పిటావాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. కొందరికి షుగర్ వచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది, అందుకే సొంతంగా కొని మింగేది కాదు. ‘నాకు స్టాటిన్ అవసరమా’ అని డాక్టర్ని అడగొచ్చు.

వదిన గురించి నువ్వేం రాయలేదు. ఆమెకు హెచ్‌ఐవీ లేకపోతే ఇది ఇంకా ముఖ్యం. దంపతుల మీద చేసిన హెచ్‌పీటీఎన్ 052 పరిశోధనలో, మందులతో వైరస్ అణిగి ఉన్నంతకాలం భాగస్వామికి సోకలేదు. ఆయన ఆపితే ఆ రక్షణ కూడా పోతుంది.

మాత్రకి విసుగొచ్చిందని కాదు, కిడ్నీ పోతుందనే భయంతోనే అడుగుతున్నాడని నీ మాటల్లో అర్థమవుతోంది. కోప్పడకు. విజయవాడలోనే సెంటర్ ఉంది కదా, ఈసారి మందులకి వెళ్లేటప్పుడు నువ్వూ తోడు వెళ్లు. కౌన్సిలర్‌తో ‘ఆపాలనిపిస్తోంది’ అని ఆయన నోటితోనే చెప్పించు, దాచొద్దు. అంతవరకు ఆగలేకపోతే 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. మూత్రం పరీక్షలో ఏం వచ్చిందో ఇక్కడే రాయి, చూస్తుంటాను.