పాడిని వదిలి రెండు రోజులు వెళ్లేదెలా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. రెండెకరాల ఉమ్మడి భూమి, ఎకరన్నర కౌలు, మూడు గేదెలు. మావారి అన్నదమ్ములు, ఆడపడుచు విశాఖ, హైదరాబాద్, చెన్నైలలో ఉంటారు. ఏటా సంక్రాంతికి వాళ్లకి తలో బస్తా బియ్యం పంపిస్తాం. అత్త మా దగ్గరే ఉంటారు. ఫిబ్రవరిలో రెండో శని, ఆదివారాలు పిల్లాజెల్లాతో అందరం భీమిలిలో కలుద్దామని పెద్ద బావగారు వాట్సాప్‌లో పెట్టారు. 2018లో మా నాన్న సంవత్సరీకానికి మేమంతా పుట్టింటికి వెళ్లిన రాత్రే తిత్లీ తుఫాను వచ్చి, శాల కూలి చూడి గేదె చచ్చిపోయింది. అప్పటి నుంచి ఆయన ఊరు దాటి ఒక్క రాత్రి ఉండలేదు. ఇప్పుడు అడిగితే "ఉద్యోగస్తులకి సెలవులుంటాయి, గేదెలకుంటాయేటి? మీరెళ్లండి" అంటున్నారు. అందరూ మనూరే వస్తే పోలేదా అని కూడా అంటున్నారు. అత్తకు డెబ్బై దాటాయి, తానుండి పశువులను చూసుకుంటానంటారు. పిల్లలు రోజూ అడుగుతున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, పిల్లలు అడుగుతున్నారని రాశారు, బావగారు పిలిచారని రాశారు. మీకు వెళ్లాలని ఉందన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఉంది కదా? ముందు ఆ మాట మీ నోటితో మీ ఆయనకు చెప్పండి. పిల్లలు గోల పెడుతున్నారంటే, పిల్లల్ని మీతో పంపేస్తే సరిపోతుందని ఆయన అనుకుంటారు. "మీతో కలిసి వెళ్లాలని నాకుంది" అన్నారనుకోండి, ఆ మాట తోసెయ్యడం అంత తేలిక కాదు. పొలం ఇంట్లో ఆడవాళ్లు తమకేం కావాలో అందరి కోరికల కిందా దాచేసి అడుగుతుంటారు. ఈసారికి అలా అడగొద్దు.

గేదెలను ఆయన సాకుగా చెబుతున్నారని మాత్రం అనుకోకండి. చూడి గేదె పోయిందంటే ఈతకు ఈతా, పాలకు పాలూ పోయినట్టే. దానికి తోడు "నేనే ఉంటే కట్టు విప్పి వదిలేసేవాణ్ణి" అన్న బాధ. ఆయన పైకి అన్నా అనకపోయినా అది లోపల ఉండే ఉంటుంది. ధైర్యం చెప్పి పోగొట్టగలిగేది కాదది. ఒక సంగతి మాత్రం ఆయన పక్కన కూర్చుని గుర్తు చెయ్యండి. ఫైలిన్ 2013 అక్టోబరు, హుద్‌హుద్ 2014 అక్టోబరు, తిత్లీ 2018 అక్టోబరు, గులాబ్ 2021 సెప్టెంబరు. మన వైపును ఏడిపించిన ఈ నాలుగు తుఫాన్లూ ఆ రెండు నెలల్లో వచ్చినవే. ఫిబ్రవరిలో మన తీరానికి ఆ బెడద దాదాపు ఉండదు. వరి కోతలు, నూర్పులు అయిపోయి ఉంటాయి. చేలో మినుములో పెసలో ఉంటే రెండు రోజుల్లో వాటికి వచ్చే నష్టం లేదు. రైతు ఇల్లు కదలాలంటే ఇంతకంటే మంచి అదను దొరకదు.

ఇక పాడి సంగతి. కొత్త చెయ్యి పడితే గేదె చేపదు, అంటే పాలు దించదు, మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే మీరు బయల్దేరే శనివారం పొద్దున ఎవరినో పిలిచి చెంబు చేతికిచ్చి వెళ్లిపోతే కుదరదు. పక్కింట్లోనో వెనక వీధిలోనో సొంత పాడి ఉన్న మనిషిని ఒకరిని చూసుకోండి. వారం ముందు నుంచే రెండు పూటలా మీ ఆయన పక్కన కూర్చుని పితకమనండి. దూడను ముందు వదలడం, దాణా పెట్టే వేళ, ఏ గేదె తన్నుతుందో, ఏది మనిషి గొంతు వింటే గానీ నిలబడదో, ఇవన్నీ ఆయనే చూపించాలి. మీరు చూపిస్తే ఆయనకు నమ్మకం కుదరదు. ఆ రెండు రోజుల పాలూ వాళ్లనే తీసుకోమనండి, పైన కూలీ ఇవ్వండి. ఊరికే సాయం అడిగితే మొహమాటానికి ఒప్పుకుంటారు గానీ పని మీద మనసుండదు. చేపలేదని పాలు దిగడానికి వేసే సూది మందు మాత్రం వెయ్యొద్దని గట్టిగా చెప్పండి. ఒక పూట పాలు తగ్గితే తగ్గనివ్వండి. మీ ఊరి పశువుల డాక్టరు నంబరు, పశువుల అంబులెన్సు 1962 నంబరు శాల గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. భీమిలి మరీ దూరమేం కాదు. తగరపువలసలో హైవే ఎక్కితే నరసన్నపేట దాకా అదే దారి. కబురొస్తే పూట తిరిగేలోపు ఇంటికొచ్చేయొచ్చు. ఈ మాట మీ ఆయనకు చెప్పడం మరవకండి.

అన్నీ కుదిరినా ఆయన రానంటారేమోనని నా అనుమానం. "ఉద్యోగస్తులకి సెలవులుంటాయి" అన్న మాటలో నొప్పి గేదెలది కాదమ్మా. తోబుట్టువులంతా తలో ఊరు పోయి స్థిరపడ్డారు. తల్లినీ భూమినీ పట్టుకుని ఈయన ఒక్కరే ఉండిపోయారు. ఏటా బస్తాలు చేరుతున్నాయి. ఈ కలయికకేమో తేదీ వేసేముందు "తమ్ముడూ, నీకెప్పుడు వీలవుతుంది?" అని ఎవరూ అడిగినట్టు లేదు. గ్రూపులో పెట్టేశారు, అంతే. సెలవులు చూసుకోవాల్సింది వాళ్లు మాత్రమేనా?

కాబట్టి మీ బావగారికి మీరు ఫోన్ చెయ్యండి. మొగుడి మీద చాడీ చెప్పినట్టు అవుతుందని జంకకండి. తిత్లీ నాటి సంగతి, ఆ తర్వాత ఆయన ఎక్కడా రాత్రి ఉండలేదన్న సంగతి వాళ్లకు అసలు తెలుసో లేదో. చెప్పి, ఆయనే స్వయంగా తమ్ముడితో మాట్లాడాలని అడగండి. అవసరమైతే ఒక వారం అటూ ఇటూ జరపమనండి. ఉమ్మడి భూమి పంపకాల మాట ఆ రెండు రోజులూ ఎవరూ ఎత్తకూడదని కూడా అప్పుడే అనేయండి. నలుగురూ కూడినప్పుడు ఆ మాట వస్తే ఇంకో పదేళ్లు మీ ఆయన ఏ కలయికకూ రారు.

అందరూ మనూరే వస్తే పోలేదా అన్నదానికి ఒప్పుకోకండి. ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ అప్పుడు ఆ రెండు రోజులూ మీరు పొయ్యి దగ్గర, ఆయన శాలలో ఉంటారు. వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని కబుర్లాడుకుని వెళ్తారు. పండగకి ఎలాగూ రానే వస్తారు, ఇది వేరుగా ఉండనివ్వండి.

అత్తగారిని ఒంటరిగా పశువులతో వదిలే ఆలోచన అసలొద్దు. కన్న పిల్లలంతా ఒకచోట కూడుతుంటే ఆ తల్లి ఇంటికి కాపలా ఉండడం ఏం న్యాయం? ఆవిడ వద్దంటున్నది మీకు బరువవుతానేమోనని. ఆవిడను ముందు ఒప్పించండి, కొడుకు "అమ్మ కూడా వెళ్తోందా?" అని ఒక్కసారైనా ఆలోచిస్తారు.

ఇంతా చేసినా ఆయన కదలకపోతే, అలగకుండా, ఏడవకుండా అత్తనీ పిల్లల్నీ తీసుకుని మీరు వెళ్లండి. ఆదివారం పొద్దున పాలు తీసి, మధ్యాహ్నం భోజనాల వేళకైనా వచ్చి సాయంత్రం పాలకు తిరిగి వెళ్లమనండి. ఆ కాస్తకైనా ఆయన ఒప్పుకోవచ్చు. బావగారికి ఫోన్ మాత్రం ఈ వారంలోనే చెయ్యండి, వాళ్లు గదులకు డబ్బు కట్టేసే లోపే.