మూడు వారాలు సెల్లార్‌లో నిలబెట్టిన బీఎండబ్ల్యూ స్టార్ట్ అవ్వట్లేదు, ఏం చూడాలి?

బటన్ నొక్కితే టకటక శబ్దం, మీటర్ లైట్లు మసకబారడం, డాష్ నిండా ఎర్రర్లు... మీ బీఎండబ్ల్యూ ఎఫ్30 తరం 3 సిరీస్‌కి వచ్చిన జబ్బు బ్యాటరీదే. ఆ ఎర్రర్లు చూసి గేర్‌బాక్స్ పోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఓల్టేజీ పడిపోతే బండిలో ఉన్న కంప్యూటర్లన్నీ గోల పెడతాయి. ఛార్జింగ్ ఎక్కాక చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి.

ఎర్రర్లు చదివే స్కానర్ పెట్టేలోపు ఓల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, అది పూర్తిగా పడుకుంటే డిక్కీ తెరుచుకోదు. కీలో దాగున్న తాళంతో డ్రైవర్ డోర్ తీసి బానెట్ లాగండి. లోపల ఎర్ర మూత కింద పాజిటివ్ పాయింట్, బాడీకి నెగటివ్ నట్ ఉంటాయి. అక్కడ 12.6 ఓల్టులు పైన చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.8 అంటే ఖాళీ. మీటర్ మీద కన్ను పెట్టి, పక్కవాళ్ళని బటన్ నొక్కమనండి. 9.6 కిందికి జారిందంటే బ్యాటరీకి సత్తా లేదు. 12.5 దగ్గర కదలకుండా ఉండి సెల్ఫ్ తిరగకపోతే కథ వేరు: బ్రేక్ తొక్కితే వెనక లైట్లు వెలుగుతున్నాయా చూడండి. వెలగకపోతే బ్రేక్ స్విచ్ పోయి ఉండొచ్చు, బ్రేక్ తొక్కారని తెలియక బండి స్టార్ట్ అవ్వదు. కీలో సెల్ అయిపోతే, కీని స్టీరింగ్ కాలమ్ మీద గుర్తు దగ్గర ఆనించి నొక్కండి.

జంపర్ కేబుల్స్ వేసేటప్పుడు ఎర్రది ముందు మీ బండికి, తర్వాత రెండో బండికి. నల్లది రెండో బండి నెగటివ్‌కి, చివరగా మీ బండి నట్‌కి. పదినిమిషాలు ఆగి సెల్ఫ్ కొట్టండి, తీసేటప్పుడు తిరగేసి తీయండి. తోసి స్టార్ట్ చేద్దామనుకోకండి, ఆటోమేటిక్‌లో అది కుదరదు. ఛార్జర్ అయితే ఏజీఎం (యాసిడ్‌ని గాజుపీచు పొరల్లో ఇంకించిన బ్యాటరీ రకం) మోడ్, 14.8 ఓల్టులు దాటకూడదు. నల్ల క్లిప్ బ్యాటరీ పోస్టుకి కాకుండా బాడీ పాయింట్‌కే పెట్టండి. అప్పుడే నెగటివ్ పోస్టు మీద ఉండి బ్యాటరీ ఛార్జిని లెక్కగట్టే సెన్సర్ లెక్క తప్పదు.

బ్యాటరీ మార్చాల్సి వస్తే ఏజీఎందే, అదే ఆంపియర్ అవర్ది వేయించి, కొత్త బ్యాటరీ వేశామని బండి కంప్యూటర్‌లో రిజిస్టర్ చేయించండి. చాలా షాపుల్లో మామూలు బ్యాటరీ బిగించి పంపేస్తారు, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. రిజిస్టర్ చేయకపోతే బండి ఇంకా పాత బ్యాటరీయే ఉందనుకుని ఆ లెక్కనే ఛార్జింగ్ ఇస్తుంది, వేలు పోసి కొన్నది తొందరగా పాడవుతుంది.

అసలు బ్యాటరీ ఎందుకు దిగిందో పట్టుకోకపోతే వచ్చే నెల మళ్ళీ ఇదే తంతు. బండికి డాష్‌క్యామ్ (రోడ్డును రికార్డు చేసే కెమెరా) ఉంటే నా అనుమానం దాని మీదే. పార్కింగ్ మోడ్‌లో 0.3 ఆంపియర్లు లాగినా రోజుకి 7.2 ఆంపియర్ అవర్లు, 90 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు వారాలు కూడా ఆగదు. డీసీ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) బ్యాటరీ నెగటివ్ కేబుల్‌కి వేసి, డిక్కీ లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు చేసి, బండి లాక్ చేసి, కీ దూరంగా పెట్టి అరగంట ఆగండి. 0.05 ఆంపియర్ల కిందికి రావాలి. రాకపోతే క్యామ్ వైరు పీకి చూడండి. ఆ తర్వాత కూడా తగ్గకపోతే ఫ్యూజులు పీకకండి, బండి మళ్ళీ మేలుకుంటుంది. ఒక్కో ఫ్యూజు వీపు మీద రెండు చుక్కల మధ్య మిల్లీఓల్టులు కొలవండి. సున్నా కానిది ఏదో ఆ లైన్లోనే కరెంటు కారుతోంది.