ఓయిస్టిన్స్‌లో చేప తినడానికి 401(కె) నుంచి అప్పా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. నేను హెచ్‌1బి మీద పని చేస్తున్నాను. నా భార్యకు ఇంకా పని అనుమతి రాలేదు. బాబుకు ఆరేళ్లు. నెలకు చేతికి 7,800 డాలర్లు వస్తాయి. అద్దె 2,300, కారు 620, ఖమ్మంలో అమ్మానాన్నలకు 800, అక్కడే కొన్న ప్లాటు ఈఎంఐ 900, మిగతా ఇంటి ఖర్చు 1,700. బ్యాంకులో 4,000 ఉన్నాయి. ఈ జులై చివర్లో వారం రోజులు బార్బడోస్ వెళ్లి తనివితీరా సీఫుడ్ తినాలని ఉంది. తిండి, బస కలిపి రిసార్టు ప్యాకేజీ 6,900, టికెట్లు 2,100. ఈ 9,000 నా 401(కె), అంటే కంపెనీ ద్వారా నడిచే రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా, నుంచి లోన్ తీసుకుందామనుకుంటున్నాను. మన డబ్బే కదా, వడ్డీ కూడా మనకే. రిసార్టు మేలా, బయట గది తీసుకుని ఓయిస్టిన్స్‌లో తినడం మేలా?

జవాబు: మీరు అడిగినదానికి జవాబు తేలిక కాబట్టి ముందు అదే చెప్తాను. ఓయిస్టిన్స్‌లోనే తినండి. దక్షిణ తీరంలో అది చేపలు పట్టేవాళ్ల ఊరు. పగలు చేపల మార్కెట్. శుక్రవారం రాత్రి పక్కనే ఉన్న బే గార్డెన్ కొట్ల దగ్గర నిప్పుల మీద మార్లిన్, ట్యూనా, మహి-మహి కాలుస్తుంటే ఊరూ టూరిస్టులూ అందరూ అక్కడే. బోర్డు మీద ‘డాల్ఫిన్’ అని చూసి మీ బాబు బెంగపెట్టుకుంటాడేమో, మహి-మహినే వాళ్లు అలా అంటారు. కందులు వేసి వండిన అన్నం, ‘మాకరోనీ పై’ అనే బేక్ చేసిన వంటకం పక్కన పెట్టి ఇచ్చే ప్లేటు సుమారు 40 నుంచి 60 బార్బడోస్ డాలర్లు. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరు, 1975 నుంచి అదే లెక్క. అంటే 20 నుంచి 30. ఎగిరే చేప కూర, కూకూ మాత్రం వదలకండి. కూకూ అంటే మొక్కజొన్న పిండి, బెండకాయ కలిపి కెలికిన సంకటి, మన నోటికి పరాయిగా ఉండదు. ఆవపిండి ఘాటున్న వాళ్ల పసుపుపచ్చ పెప్పర్ సాస్ కూడా అంతే. బ్రిడ్జ్‌టౌన్ నుంచి వ్యాన్‌లో వస్తే మనిషికి మూడున్నర బార్బడోస్ డాలర్లు. రిసార్టు బఫేకి ముందే డబ్బు కట్టేసి, మళ్లీ ఓయిస్టిన్స్‌లో జేబు తీయడం రెండు భోజనాలకు డబ్బు కట్టడమే.

ఇక మీరు అడగనిదాని గురించి. ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నదే అందుకు.

‘మన డబ్బే, వడ్డీ మనకే’ అనే మాట ఇప్పటికి ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ మాట బాగానే ఉంటుంది. ఉద్యోగం పోయిందనుకోండి. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా మిగిలిన బాకీ మొత్తాన్ని సర్దకపోతే, దాన్ని మీరు డ్రా చేసుకున్నట్టే లెక్కగడతారు. దాని మీద ట్యాక్స్, మీ వయసువాళ్లకు అదనంగా 10 శాతం పెనాల్టీ. అదే సమయంలో కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికో దేశం వదలడానికో హెచ్‌1బి మీకు ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. కంపెనీ హెల్త్ ప్లాన్ పోతే, దాన్నే సొంత డబ్బుతో కొనసాగించుకునే కోబ్రా అనే ఏర్పాటు కింద కుటుంబానికి నెలకు 2,000 డాలర్లు దాటడం మామూలే. అద్దె ఒప్పందం తెంచుకోవాలి, కారు అమ్మాలి, మూడు టికెట్లు కొనాలి. ప్లాటు ఈఎంఐ ఎవరి కోసమూ ఆగదు. ఇన్నిటికీ మీ దగ్గరున్నది 4,000. మీ నెల ఖర్చు 6,320. మూడు వారాలు కూడా గడవదు సార్. మూడు వారాల బలంతో ఉన్న మనిషి చేపల కోసం అప్పు చేస్తానంటే నాకు నిజంగా చిరాకేస్తుంది, ఏమీ అనుకోకండి. ‘అయితే 0 శాతం వడ్డీ క్రెడిట్ కార్డు వాడతాను’ అనకండి. గడువు దాటితే అది 20 శాతం పైమాటే.

2024 జూన్ 29న మన జట్టు బ్రిడ్జ్‌టౌన్‌లోనే టీ20 ప్రపంచకప్ గెలిచింది గుర్తుందా? ఆ వెంటనే బెరిల్ తుఫాను వచ్చి విమానాశ్రయం మూతపడితే రోహిత్ సేన హోటల్లో చిక్కుకుపోయింది. ఆ తుఫానుకే అక్కడి మత్స్యకారుల పడవలు ఎన్నో ముక్కలయ్యాయి. క్రికెట్ బోర్డు ప్రత్యేక విమానం ఏర్పాటు చేసి జట్టును తెచ్చుకుంది. మీకు విమానం ఎవరు పంపుతారు? జూన్ నుంచి నవంబరు దాకా అక్కడ తుఫానుల కాలమే. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నా, తుఫానుకు పేరు పెట్టాక కొంటే ఆ తుఫాను నష్టానికి పనికిరాదు. పైగా జులై చివర, ఆగస్టు మొదట్లో క్రాప్ ఓవర్ పండగ, గదులకు గిరాకీ.

ఇంకోటి, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు చూసుకున్నారా? గడువు తీరినా కెనడా, మెక్సికో వెళ్లి 30 రోజుల్లో తిరిగి రావచ్చనే వెసులుబాటు హెచ్‌1బి వాళ్లకు బార్బడోస్ విషయంలో లేదు.

మీకు నెలకు 1,480 మిగులుతున్నాయి, మీరు రాసిన లెక్క నిజమైతే. వచ్చే నెల నుంచి అది జీతం పడిన రోజే వేరే సేవింగ్స్ ఖాతాలోకి వెళ్లాలి. 19,000 అయ్యేదాకా, అంటే మూడు నెలల ఖర్చు చేరేదాకా, దాన్ని ముట్టుకోకండి. నిజానికి ఒక్క జీతంతో, వీసా మీద ఉన్నవాళ్లకు ఆరు నెలలది కావాలి. మూడుతో ఒప్పుకుంటున్నది మీ కోరిక చూసి. పది, పదకొండు నెలల్లో అది అవుతుంది. తర్వాత మూడు నెలలు టూర్ కోసం. టికెట్లు 2,100, ఓయిస్టిన్స్ దగ్గర ఆరు రాత్రులు గది వెయ్యి లోపు, తిండికి రోజుకు వంద, చిల్లర ఖర్చులు 300. మొత్తం 4,000 అటూఇటూ. ప్లాటు మీద లాభం వస్తుంటే అమ్మేయడం గురించీ ఆలోచించండి. కంపెనీ ఇచ్చే లైఫ్ కవర్ ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి విడిగా టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, దానికి ఆగక్కర్లేదు.

వచ్చే ఏడాది థాంక్స్‌గివింగ్ వారానికి వెళ్లండి. బాబుకు సెలవులు, తుఫానుల కాలం చివరికి వస్తుంది, డిసెంబరు మధ్య నుంచి పెరిగే రేట్లు ఇంకా మొదలవవు. నవంబరు 30 వాళ్ల స్వాతంత్ర్య దినం కూడా. శుక్రవారం సాయంత్రం మాత్రం ఏడు లోపే చేరుకోండి, ఆ తర్వాత బే గార్డెన్‌లో ముగ్గురికి కలిపి బల్ల దొరకడం కష్టం.