నరంలోకి విటమిన్ సి ఎక్కించే ముందు ఏ పరీక్షలు చేయించాలి?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 62. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకడంతో కీమోథెరపీ తీసుకుంటున్నారు. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది, ఇన్సులిన్ వాడుతున్నారు. క్రియాటినిన్ 1.6 ఉంది. వారానికి రెండుసార్లు 50 గ్రాముల విటమిన్ సి సెలైన్‌లో ఎక్కిస్తే కీమో బాగా పనిచేస్తుందని, అది విటమినే కాబట్టి ముందుగా పరీక్షలేవీ అక్కర్లేదని ఒక వెల్‌నెస్ సెంటర్ వారు చెబుతున్నారు. ఎక్కించుకోవచ్చా?

జవాబు: మీ నాన్నగారికి ఇప్పుడున్న పరిస్థితిలో ఈ చికిత్స వద్దనే నా సలహా. ఆయన కోసం ఏ అవకాశాన్నీ వదలకూడదన్న మీ తపన నాకు అర్థమవుతోంది. అందుకే కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను.

మగవారికి రోజుకు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలునని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు చేసింది. ఆ లెక్కన 50 గ్రాములంటే ఆరువందల రోజులకు పైగా సరిపోయే విటమిన్‌ను ఒక్క పూటలో ఎక్కించడమే. మాత్రలు ఎన్ని మింగినా పేగులు కొంతవరకే పీల్చుకుంటాయి. నరంలోకి ఎక్కించినప్పుడు ఆ అడ్డు ఉండదు కనుక రక్తంలో దాని గాఢత ఎన్నో రెట్లు పెరిగి, హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుంది. క్యాన్సర్ కణాలు దానివల్ల దెబ్బతింటాయన్న ఆశతోనే పరిశోధనలు జరుగుతున్నాయి. అంటే ఈ మోతాదులో అది పోషకంగా కాక మందుగా పనిచేస్తోందన్నమాట, మందుకు తీసుకునే జాగ్రత్తలన్నీ దీనికీ తీసుకోవాలి.

ముందుగా కిడ్నీల సంగతి. శరీరంలో విటమిన్ సి కొంత ఆక్సలేట్‌గా మారి మూత్రంలో పోతుంది. కిడ్నీలు మందగించినవారిలో ఆ ఆక్సలేట్ స్ఫటికాలుగా పేరుకుని, డయాలసిస్ దాకా తీసుకెళ్లిన సందర్భాలున్నాయి. ఆ వయసులో క్రియాటినిన్ 1.6 అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే లెక్క) 50 లోపే ఉంటుంది. నా సలహాకు ఈ ఒక్క కారణమే చాలు. దీనికి తోడు, ఎక్కించే మందు సోడియం ఆస్కార్బేట్ రూపంలో ఉంటే 50 గ్రాముల విటమిన్‌తో పాటు సుమారు 6.5 గ్రాముల సోడియం కూడా లోపలికి వెళ్తుంది. గుండె బలహీనంగా ఉన్నవారికి, కాళ్లవాపు ఉన్నవారికి అది పెద్ద భారం.

ఎవరికైనా సరే, మొదటి డ్రిప్‌కు ముందే తప్పనిసరిగా చేయించాల్సిన రక్తపరీక్ష జీ6పీడీ. ఎర్రరక్తకణాలను పెరాక్సైడ్ నుంచి కాపాడే ఎంజైమ్ ఇది. పుట్టుకతోనే ఇది తక్కువగా ఉన్నవారు, ముఖ్యంగా మగవారు, మన దేశంలో తక్కువేమీ కాదు. చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా జీవితమంతా గడిపేస్తారు కనుక ఆ లోపం ఉన్నట్టు వారికే తెలియదు. అలాంటివారికి ఈ డ్రిప్ పెడితే కణాలు పగిలిపోయి, మూత్రం కోలా రంగులోకి మారి, కళ్లు పచ్చబడి, ఒకటి రెండు రోజుల్లోనే హిమోగ్లోబిన్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవారిలో దాత కణాల వల్ల ఈ పరీక్ష నార్మల్‌గా కనిపించవచ్చు కాబట్టి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. తరచూ రక్తం ఎక్కించుకునే తలసీమియా రోగుల్లో ఇనుము నిల్వలు ఎక్కువగా ఉంటాయి. వారికి ఆ నిల్వలను తెలిపే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతున్నది మీ ఇంట్లోని గ్లూకోమీటర్. చాలా మీటర్ల స్ట్రిప్పులు విటమిన్ సిని చక్కెరగా పొరబడతాయి. డ్రిప్ పెట్టించుకుని ఇంటికి వచ్చాక వేలు గుచ్చి చూస్తే మీటర్ 350 చూపించవచ్చు, అసలు షుగర్ 110 మాత్రమే ఉండవచ్చు. ఆ అంకె చూసి మీరు ఇన్సులిన్ పెంచితే ఆయన స్పృహ తప్పుతారు. అప్పుడు కూడా మీటర్ ఎక్కువే చూపిస్తుంటే ఇంట్లోవారికి పంచదార నీళ్లు పట్టాలన్న ఆలోచనే రాదు. మీటర్లు ఇలా తప్పుగా ఎక్కువ చూపించిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఈ తేడా కొన్ని గంటలు, కిడ్నీలు సరిగా లేనివారిలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. అంతవరకు ల్యాబ్‌లో సిర నుంచి తీసిన రక్తంతో చేసే పరీక్షనే నమ్మాలి.

ఇక ప్రయోజనం మాట. మీ నాన్నగారి జబ్బు మీదనే చైనాలో 442 మందితో చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. జీ6పీడీ సరిగా ఉన్నవారినే అందులో చేర్చుకున్నారు. కీమోకు విటమిన్ సి జోడించినవారిలో జబ్బు ముదరకుండా ఉన్న కాలం 8.6 నెలలు, జోడించనివారిలో 8.3 నెలలు, ఆ తేడాను ప్రయోజనంగా లెక్కించలేం. క్లోమ క్యాన్సర్‌లో 34 మందితో అమెరికాలోని అయోవాలో చేసిన చిన్న అధ్యయనం మాత్రం 2024లో మంచి ఫలితం చూపింది. అది వేరే జబ్బు, పెద్ద అధ్యయనాల్లో ఇంకా నిర్ధారణ కావాలి.

ఒకవేళ ఇప్పటికే ఒక డ్రిప్ పెట్టించి ఉంటే భయపడకుండా, దాచకుండా మీ ఆంకాలజిస్టుకు చెప్పి క్రియాటినిన్, హిమోగ్లోబిన్ మళ్లీ చూపించండి. మూత్రం రంగు మారినా, పరిమాణం తగ్గినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ షుగర్ చూస్తామంటూ మీటర్ తీస్తే, విటమిన్ సి ఎక్కించిన సంగతి ముందుగా చెప్పండి.