గుండు ఎక్కడం సరే, దిగేదెట్లా?

ఈసారి బండలెక్కడం గురించి వచ్చిన ప్రశ్నలివి. చలికాలం దగ్గరపడుతోంది కాబట్టి ముందుగా వీటికే జవాబులిస్తున్నాం.

మేం ఐదుగురు స్నేహితులం. ఇద్దరికి ఇండోర్ వాల్ మీద ఆరు నెలల అలవాటుంది. ఆదివారాలు హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల మీద టాప్ రోప్ (పైన కట్టిన ఆధారంలోంచి రెండు కొసలూ కిందికి వచ్చేలా వేసే తాడు) వేసుకోవాలని ఉంది. హార్డ్‌వేర్ షాపులో 12 మి.మీ. నైలాన్ తాడు చవగ్గా దొరుకుతోంది. లారీ సామాను ఆపేది మనిషిని ఆపదా? – ఒక పాఠకుడు, ఉప్పల్

మనిషి బరువును ఆపుతుందేమో. ప్రాణం తీసేది బరువు కాదు, కుదుపు. క్లైంబింగ్‌కు చేసిన డైనమిక్ తాడు పడ్డప్పుడు సాగి ఆ కుదుపును మింగుతుంది. ప్రమాణ పరీక్షలో 80 కిలోల బరువును దానిమీద పదేపదే పడేస్తారు. కనీసం 5 సార్లు తట్టుకోవాలి, మొదటి దెబ్బకు పుట్టే బలం 12 కిలోన్యూటన్లు దాటకూడదు. షాపు తాడు ఇలాంటి పరీక్ష ఏదీ చూడలేదు. ఎంత ఆపుతుందో అమ్మేవాడికీ తెలియదు. పైగా అందులో చాలావరకు నైలాన్ కూడా కాదు, రాపిడికి తొందరగా కరిగే ప్లాస్టిక్ పోగు.

మీకు కావలసింది 10 మి.మీ. అటూఇటూ మందం, 60 మీటర్ల పొడవు ఉన్న సింగిల్ డైనమిక్ తాడు. కొసన వలయంలో 1 అంకె ఉంటుంది, చూసి తీసుకోండి. మిగతావి: నడుముకూ తొడలకూ కట్టుకునే హార్నెస్‌లు మూడు (ఎక్కేవాళ్లకు, బిలే ఇచ్చేవాళ్లకు అంటే కింద తాడు పట్టి పడకుండా ఆపేవాళ్లకు, పైన యాంకర్ అంటే తాడుకు ఆధారం కట్టేవాళ్లకు), ట్యూబ్ రకం బిలే పరికరం ఒకటి, లాక్ కారబైనర్లు (తెరిచి మూసి బిగించే లోహపు కొక్కేలు) ఆరు, 120 సెం.మీ. స్లింగులు (కుట్టిన పట్టీ వలయాలు) రెండు, యాంకర్‌కు 20 మీటర్ల స్టాటిక్ తాడు (పెద్దగా సాగనిది). హెల్మెట్లు మాత్రం ఐదుగురికీ ఐదు ఉండాలి. రాయి ఊడితే తగిలేది కింద నిలబడి ఫోన్ చూసుకునేవాడికే. డబ్బు చాలకపోతే స్టాటిక్ తాడు, కారబైనర్లు, స్లింగులు ఐదుగురూ కలిసి కొనండి. హెల్మెట్ మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కోండి. సెకండ్‌హ్యాండ్ తాడు ఎంత చవకైనా వద్దు.

కొన్న తాడును ఇన్వర్టర్ పక్కనో, పాత బ్యాటరీలున్న గదిలోనో పెట్టకండి. యాసిడ్ చుక్క తగిలిన నైలాన్ పైకి కొత్తదిలాగే ఉండి లోపల చచ్చిపోతుంది. వెళ్లే ప్రతిసారీ మూర మూరా చేతుల్లోంచి జార్చి చూడండి. వంచినప్పుడు ఎక్కడైనా గుండ్రంగా తిరగకుండా మడత పడితే ఆ ముక్క కోసేయాల్సిందే.

గుట్ట మీద చెట్టు ఉంటే దానికే తాడు కట్టి కిందికి వేస్తున్నాం. ఒక్క చెట్టు చాలదని మాలో ఒకరి వాదన. ఎవరిది ఒప్పు? – ఒక పాఠకురాలు, హన్మకొండ

వాదించినవారిదే ఒప్పు. మన గుట్టల మీద చెట్లు పగుళ్లలో పట్టిన పిడికెడు మట్టిలో పెరుగుతాయి. వేరు లోతు మనకు కనబడదు. మనిషి తొడ కన్నా లావుండి, పచ్చగా ఉండి, ఊపితే మొదలు కదలని చెట్టునే నమ్మండి. తాడు కొమ్మకు కాదు, మొదట్లో కట్టండి. దానికి తోడుగా రెండోది, దీనితో సంబంధం లేనిది ఒకటి ఉండాలి: మరో చెట్టు, లేదా ఆటో అంత గుండు. గుండయితే చదునైన చోట కూర్చుని ఉండాలి. వాలు మీద నిలిచినది ఎంత పెద్దదైనా వద్దు. ముగ్గురు కలిసి తోసి చూడండి, అణువంత కదిలినా వదిలేయండి.

రెండింటి నుంచీ వచ్చిన తాళ్లు కలిసే చోట కోణం చూసుకోండి. ఇక్కడే లెక్క తప్పుతారు. రెండు తాళ్ల మధ్య 60 డిగ్రీలుంటే ఒక్కోదానిపై బరువులో 58 శాతం పడుతుంది. 90 డిగ్రీలకు 71 శాతం. 120 డిగ్రీలకు మొత్తం బరువు ఒక్కోదానిపైనా పడుతుంది, అంటే రెండు కట్టినా పంచుకున్నది లేదు. 60 లోపు ఉంచండి. చెట్లు దూరంగా ఉంటే కలిసే ముడిని ఇంకాస్త కిందికి దించితే కోణం తగ్గుతుంది.

ఆ ముడి బండ అంచు దాటి కిందికి వేలాడాలి. అంచు మీదే ఆగితే ఎక్కే తాడు రోజంతా రాతికి రాసుకుంటుంది. గ్రానైట్ గరుకు ఆకురాయి కన్నా తక్కువేం కాదు. స్టాటిక్ తాడు అంచును తాకే చోట గోనెసంచి నాలుగు మడతలు వేయండి, పాత జీన్స్ ప్యాంటు కాలైనా సరే. అది జారిపోకుండా దానికీ చిన్న తాడు కట్టాలి.

ఎక్కే తాడు వెళ్లేది రెండు లాక్ కారబైనర్లలోంచి. వాటి గేట్లు (తెరుచుకునే రెక్కలు) ఎదురెదురు దిక్కులకు తిరిగి ఉండాలి. తాడును నేరుగా స్లింగులోంచి మాత్రం ఎన్నడూ దూర్చవద్దు. నైలాన్ మీద నైలాన్ కదిలితే ఆ వేడికే స్లింగు కరిగి తెగుతుంది.

ఇవన్నీ కట్టేవాళ్లు కూడా కట్టుకుని ఉండాలి. అంచుకు రెండు మీటర్ల లోపు ఎవరు వెళ్లినా హార్నెస్ తొడుక్కుని, వెనక చెట్టుకు తగిలించుకునే వెళ్లాలి. ఎక్కేవాడికి తాడుంది, బిలే ఇచ్చేవాడు నేల మీదున్నాడు. ఏ తాడూ లేకుండా అంచున వంగి చూసేది యాంకర్ వేసేవాడొక్కడే.

దించేటప్పుడు తాడు చాలకపోతే ఏమవుతుంది? – అదే ఉత్తరంలో రెండో ప్రశ్న

కొస బిలే పరికరంలోంచి జారిపోతుంది, పైనున్న మనిషి పడతాడు. టాప్ రోప్‌లో తాడు పైకి వెళ్లి మళ్లీ కిందికి రావాలి. కాబట్టి 60 మీటర్ల తాడు 30 మీటర్ల బండకు మించి పనికిరాదు, ముడులకు పోయేది తీసేస్తే ఇంకా తక్కువే. ఎవరినీ ఎక్కించకముందే రెండు కొసలూ నేల మీద ఉన్నాయని కంటితో చూడండి. బిలే ఇచ్చేవైపు కొసన ముడి వేయండి. ముడి ఉంటే తాడు చాలకపోయినా పరికరం దగ్గర ఆగుతుంది.

ఎక్కేవారు ఫిగర్ ఆఫ్ ఎయిట్ (8 అంకె ఆకారపు) ముడిని హార్నెస్‌కున్న రెండు కట్టు వలయాల్లోంచీ వెనక్కి అల్లి కట్టాలి. మిగిలిన తోక జానెడు ఉండాలి. తర్వాత ఒకరి కట్టును మరొకరు తాకి చూడాలి: బకిల్, ముడి, బిలే పరికరంలో తాడు దూర్చిన తీరు, కారబైనర్ లాకు. లాకు పడిందో లేదో గేటు నొక్కితేనే తెలుస్తుంది. కొత్తవాళ్లకన్నా నలభయ్యోసారి ఎక్కేవాళ్లే ఈ తనిఖీ ఎగ్గొడతారు, కబుర్ల మధ్య ముడి సగంలో ఆగిపోతుంది. ఇంకొకటి: మొదటి మూడు మీటర్లలో తాడు బాగా బిగువుగా ఉంచండి. అప్పుడు వ్యవస్థలో తాడు ఎక్కువుంటుంది. జారితే సాగి కాళ్లు నేలకు తగులుతాయి.

తాడు లేకుండా చిన్న గుండ్ల మీద బౌల్డరింగ్ చేయడానికి హంపీ వెళ్తున్నాం. క్రాష్ ప్యాడ్ (పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే ఫోమ్ దిండు) ఒక్కటి చాలా? ఇంట్లో పరుపు తీసుకెళ్లొచ్చా? – ఒక పాఠకుడు, కర్నూలు

ఇంటి పరుపు వద్దు. మెత్తటి పరుపులో పాదం కూరుకుపోయి చీలమండ మెలిపడుతుంది. క్రాష్ ప్యాడ్‌లో పైపొర గట్టి ఫోమ్, కింద మెత్తది, అందుకే పాదం నిలుస్తుంది. నలుగురికి రెండు ప్యాడ్లు కనీసం. రెండూ కలిసే సందులో కాలు పడకుండా ఆనించి పరచండి. ముందు వాటి కింద రాళ్లు ఏరేయండి. స్పాటర్ (కింద నిలబడి కాపు కాసేవారి) పని పడేవాడిని పట్టుకోవడం కాదు. తుంటి దగ్గర చేతులు పెట్టి ప్యాడ్ మీదికి తోయడం, తల రాతికి తగలకుండా చూడడం. బొటనవేళ్లు లోపలికి ముడుచుకుని ఉంచాలి.

ఎక్కేముందు గుండు చుట్టూ తిరిగి దిగే దారి చూడండి. అటువైపు నడిచి దిగే వాలు లేకపోతే ఆ గుండు మీకు కాదు. పైన ఇరుక్కున్నవాళ్లు చివరికి దూకుతారు, ప్యాడ్ ఇటువైపు ఉంటుంది.

గుడులు, మండపాలు ఉన్న చోట గోడలకూ స్తంభాలకూ దూరంగా ఉండాలని వేరే చెప్పాలా? హంపీ 1986 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. తుంగభద్ర అవతల ఆనెగుంది, సాణాపురం వైపు గుండ్లకు కొదవ లేదు. చాక్ (చేతులకు రాసుకునే సుద్దపొడి) గుర్తులు బ్రష్‌తో తుడిచి రండి.

వానాకాలంలో ఎక్కొచ్చా? పరుపుబండ మీద కాళ్లు జారుతున్నాయి. – ఒక పాఠకుడు, భువనగిరి

వద్దు. నీళ్లు కారిన దారుల్లో నల్లటి పాచి పడుతుంది. ఎండినప్పుడు అది మామూలు మరకే, తడిస్తే సబ్బు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, అందులోనూ ఉదయం 6 నుంచి 10. ఎండ ఎక్కాక వేళ్లకు చెమట పట్టి పట్టు పోతుంది.

పొడి బండ మీదా జారుతుంటే తప్పు బూట్లది కాదు. భయంతో బండను కావలించుకుంటున్నారు. అలా వంగితే పాదాల మీద నిండా బరువు పడక అడుగు జారుతుంది. నడుము బండకు దూరంగా, మడమలు కిందికి, అడుగులు చిన్నవిగా వేయండి. చేతులు తూకానికే. మీ కోట గుట్ట ఈ పాఠానికి పుట్టిందే. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట బండలెక్కడం నేర్చుకున్నది అక్కడే.

పట్టుకునేముందు ప్రతి పలకనూ వేలి కణుపుతో తట్టండి. మన గ్రానైట్ ఉల్లిపొరలా పొరలు పొరలుగా ఊడుతుంది. బోలుగా మోగితే ఆ పొర కింద ఖాళీ ఉన్నట్టే.

తేనెతుట్టె కనబడితే? – ఒక పాఠకురాలు, నంద్యాల

ఆ రోజుకు ఆ బండ వదిలేయండి. కొండతేనె ఈగలు ముందుకు పొడుచుకొచ్చిన చూరు కింద ఒక్కటే పెద్ద తుట్టె పెడతాయి. పొగ, అత్తరు, అరుపులు వాటికి పడవు. ఒకటి కుట్టిందంటే ఆ వాసనకు మిగతావి లేస్తాయి. పైన మనిషుంటే మాటలొద్దు, వెంటనే దించండి. చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని పరుగెత్తండి, నీళ్లలో దూకి దాక్కోవద్దు. ముల్లును గోటితో వెంటనే గీకేయండి. పెదాలు ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా, కుట్లు పదిపన్నెండు దాటినా 108కి ఫోన్ చేయండి. గుట్ట పేరు, దగ్గరి ఊరు, రోడ్డు మలుపు ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ గాబరాలో గుర్తుకు రావు.

పెళ్లి ఉంగరం తీయాలా? – ఒక పాఠకుడు, గుంటూరు

తీయాలి. నెర్రెలో ఇరికి మీరు జారితే ఉంగరం అక్కడే ఆగుతుంది, వేలి చర్మం దాంతోపాటు ఊడొస్తుంది. గాజులూ అంతే. బిగుతైన క్లైంబింగ్ బూట్లు వేసుకునేవాళ్లు మెట్టెలు కూడా తీసి, కారులో కాకుండా బ్యాగు లోపలి జేబులో పెట్టుకోండి.