పది నిమిషాలు ముందు బయల్దేరు

బుజ్జీ,

మొన్న ఫోన్లో అన్నావు కదా, లోకం ఇంత పాడైపోయాక మనం ఒక్కళ్ళం మంచిగా ఉంటే ఏం ఒరుగుతుంది పెదనాన్నా అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే ఇదంతా టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నేను చెప్పేది ఒక్కటే. ఎక్కడికెళ్ళినా పది నిమిషాలు ముందు బయల్దేరు. నవ్వకు, విను. 1973లో డార్లీ, బాట్సన్ అని ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు ఒక ప్రయోగం గురించి రాశారు. మతబోధకులు కావడానికి చదువుకుంటున్న కుర్రాళ్ళని పక్క బిల్డింగ్‌కెళ్ళి మాట్లాడమని పంపి, దారిలో ఒకతన్ని దగ్గుతూ మూలుగుతూ కూలబడినట్టు కూర్చోబెట్టారు. తొందరేం లేదన్నవాళ్ళలో 63 శాతం మంది ఆగారు, లేటైపోయింది త్వరగా వెళ్ళు అన్నవాళ్ళలో 10 శాతమే. ఇంకో విడ్డూరం, వాళ్ళలో సగం మంది మాట్లాడబోయేదే దారిలో పడున్నవాణ్ణి ఆదుకున్న మనిషి కథ గురించి! చెడ్డవాళ్ళేం కాదు పాపం, టైమ్ లేదంతే.

నేనూ అంతే. ఒకసారి బ్యాంకులో ఓ పెద్దాయన ఫారం అటూ ఇటూ తిప్పుతూ, పెన్ను మూత తీస్తూ పెడుతూ, నా వైపు రెండుసార్లు చూశాడు. నాకు అర్థమైంది, అయినా వాచీ చూసుకుని వచ్చేశా. ఇన్నేళ్ళైనా ఆ పెన్ను మూత గుర్తుంది, అంత అర్జంటుగా ఏ పని మీద పోయానో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తురాదు.

ఆగావనుకో, ముందు అడుగు, "రాసిపెట్టమంటారా" అని. చేతిలోంచి పెన్ను లాక్కుని మనమే చకచకా రాసేస్తే అవతలి మనిషి చిన్నబోతాడు. కష్టంలో ఉన్నవాళ్ళతో "ఏమైనా కావాలంటే చెప్పు" అనకు, ఎవరూ చెప్పరు, అడగడం కూడా వాళ్ళకో బరువే. "సాయంత్రం పిల్లాణ్ణి స్కూల్ నుంచి నేను తెస్తా" అను, అప్పుడు సరేనంటారు. వీడియో తియ్యడాలూ పోస్టులూ వద్దు, నాకు చిరాకు.

ఇంకోటి. థాంక్స్ చెబుతూ లెటర్ రాసేవాళ్ళు అవతలివాళ్ళు ఇబ్బంది పడతారేమో అనుకుంటారట, కానీ అందుకున్నవాళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువ సంతోషపడ్డారని 2018లో కుమార్, ఎప్లీ అనేవాళ్ళు రాశారు. నీకు లెక్కలంటే భయం పోగొట్టిన మేడమ్ రిటైరయ్యారు, మొన్న కనబడి నిన్ను అడిగారు కూడా. నంబర్ పంపిస్తున్నా, నాలుగు ముక్కలు రాయి. రాసి డిలీట్ చేసేవు, ఆ అలవాటు నీకుంది.

మీ పెదనాన్న