అమ్మది తెలుగు, నాన్నది మరాఠీ: పాపతో ఏ భాష మాట్లాడాలి?

మీది తెలుగు, మీ ఆయనది మరాఠీ, పుణెలో కాపురం. రెండేళ్ల పాపతో ఒకే భాష మాట్లాడకపోతే మాటలు ఆలస్యమవుతాయని పెద్దవాళ్లు అంటున్నారని రాశారు. ఆ టెన్షన్ పెట్టుకోకండి. రెండు మూడు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. పాపకు ఎన్ని మాటలు వచ్చాయో చూసేటప్పుడు తెలుగువీ మరాఠీవీ కలిపి లెక్కపెట్టండి. అలా కలిపినా బాగా తక్కువ అనిపిస్తే భాషలు తగ్గించడం కాదు, ముందు వినికిడి పరీక్ష చేయించండి.

మేం బెంగళూరులో ఉంటాం. మాది రాజమండ్రి, మా ఆయనది త్రిశూర్. బాబుతో నేను తెలుగే, ఆయన మలయాళమే. ఈ పద్ధతి కొత్తదేం కాదు. ఫ్రెంచ్ భాషావేత్త జూల్ రోంజా తన కొడుకును ఫ్రెంచ్, జర్మన్ రెండిటితో ఇలాగే పెంచి, ఆ సంగతులన్నీ 1913లోనే రాశాడు. అయితే మన ఇళ్లలో ఇది బెడిసికొట్టేది భోజనాల దగ్గర. ముగ్గురూ కూర్చోగానే, భర్తకు అర్థం కాదని భార్య, భార్యకు అర్థం కాదని భర్త ఇంగ్లీషులోకి వెళ్లిపోతారు. పిల్లలు అది ఇట్టే పట్టేస్తారు. అందరూ ఉన్నప్పుడు మాట్లాడేదే అసలు భాష అనుకుంటారు.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. ముందు మీరిద్దరూ ఒకరి భాష ఒకరికి అర్థమయ్యేంత నేర్చుకోండి. మాట్లాడటం రాకపోయినా పర్లేదు. మా ఆయనకు తెలుగు వాక్యం ఇప్పటికీ సరిగ్గా కుదరదు. కానీ "పెరుగు గిన్నె ఇటు జరపమని నాన్నకి చెప్పు" అంటే, వాడు చెప్పేలోపే గిన్నె నా ముందుంటుంది. ఆయన మలయాళంలో ఏదో అడుగుతారు, నేను తెలుగులో జవాబిస్తాను. చుట్టాలకు వింతగా ఉంటుంది గానీ మాకు అలవాటైపోయింది.

పిల్లలు రెండు భాషలూ కలగాపులగం చేస్తారు, చేయనివ్వండి. మావాడు చాన్నాళ్లు "అమ్మా, వెళ్ళం కావాలి" అని మంచినీళ్లు అడిగేవాడు. "మంచినీళ్లా? ఇదిగో" అని ఇచ్చేదాన్ని, అంతే. ఇంకోటి, ఒక్కో భాషకూ ఆ భాష తప్ప మరోటి రాని మనిషి ఒకరుండాలి. త్రిశూర్‌లో వాడి అచ్ఛమ్మకు, అంటే నానమ్మకు, మలయాళం ఒక్కటే వచ్చు. ఉన్నియప్పం ఇంకోటి కావాలంటే వాడు మలయాళంలో అడగాల్సిందే. మీ అమ్మగారితో వీడియో కాల్‌లో పాపను మాట్లాడనివ్వండి, మధ్యలో మీరు అందుకోకండి.

చదవడానికి తొందరలేదు. కన్నడ లిపి మనదానికి దగ్గర కాబట్టి, బడిలో అది వచ్చాక మావాడికి తెలుగు సులువుగానే పట్టుబడింది. తలకట్టు దగ్గరే కాస్త తికమకపడ్డాడు. మీకు బడిలో మరాఠీ, హిందీ రెండూ దేవనాగరిలోనే ఉంటాయి, తెలుగు అక్షరాలు ఇంట్లో మీరే దిద్దించాలి. క ఖ గ ఘ వరస మాత్రం అదే కాబట్టి, పాపకు బడిలో ఆ వరస వచ్చాక మొదలుపెట్టండి.